గ్రీన్‌లాండ్‌ని ఎవరడిగారు?

“సంతకం నిన్ను పెట్టమననేదమ్మా. నా కొడుకుని పెట్టమన్నాను,” అన్నాడు పోలయ్య.

మామగారు వచ్చి పావుగంటైంది. గడప దాటి రెండడుగులు లోపలికి వేసి అక్కడే పాతుకుపోయాడు. కూర్చోమని రత్నం అనలేదు. తెల్లారి ఏడైనా కాకముందే ఇంటిమీదికి వచ్చిపడే మనిషికి కుర్చీ కూడానా అనుకుంది.

ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. దానిమీద గుండ్రంగా టీ మరక. టాటానగర్ రైల్వే యార్డులో ముప్పై ఆరేళ్లు పట్టాల పాయింట్లు మార్చిన ఆ చెయ్యి కాగితాన్ని కూడా ఇనుప కడ్డీని పట్టినట్టే పట్టుకుంది. ఆ కాగితం, ఆ చెయ్యి, గడప దగ్గర విప్పిన ఆ బూట్ల వాసన, దేన్నీ రత్నం చూడదలుచుకోలేదు.

“పెట్టమంటే పెట్టేస్తారు. మీ అబ్బాయి మీ మాటకి ఎదురు చెప్పింది ఎప్పుడు గనక?” అంది కత్తిపీట మీంచి తలెత్తకుండా.

వరహాలు గోడవైపు తిరిగి చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఐదు బొత్తాల చొక్కాకి అంతసేపు పట్టడం ఆ ఇంట్లో మామూలే. తండ్రీ భార్యా మాటకి మాట అనుకుంటున్నంతసేపూ ఆయనకి ఎక్కడో ఒక బొత్తం మిగిలే ఉంటుంది.

“రేపటితో పిబ్రవరి అయిపోతాది,” అన్నాడు పోలయ్య. “ఆగస్టు ఆఖరికి నా నౌకరీ అయిపోతాది. ఈ మద్దిన ఆరు నెల్లు వరహాలు నా కోటర్లో నాతో ఉన్నాడని కాగితం మీదుంటేనే ఆ కోటరు ఆడి పేరుకి మారతాది. నేదంటే తాళం ఆఫీసులో ఇచ్చీసి, తుంటి విరిగిన మీయత్తని మంచంతో సహా రోడ్డుమీదెట్టాల.”

“అంటే మేమందరం బాగ్‌బేరా వచ్చి మీ పంచన పడాలి.”

“ఒక కోటరు, ఒక కుంపటి. రెండు పొయ్యిలు నా ఇంట్లో ఎలగవు. అదొక్కటే ముందు సెప్పీసినాను.”

ఇదీ సంగతి. నెల్లాళ్లుగా నానుతున్న సంగతి. మామగారిదీ మొగుడిదీ ఒకటే రైల్వే. ఒకాయన యార్డు, ఒకాయన లోకోషెడ్డు. ఆ రైల్వే కొంపలో ఇమడలేకే కదా రత్నం పదేళ్ల కిందట మొగుణ్ణి చెయ్యిపట్టుకు లాక్కొచ్చి, బర్మామైన్స్‌లో తను పాఠాలు చెప్పే తెలుగు బడికి దగ్గరగా వేరు కుంపటి పెట్టుకుంది! ఇప్పుడు ఆ కుంపటి ఆర్పేసి మళ్లీ ఆ గుంపులో కలవాలట.

“ఇంకో మాట అడుగుతాను,” అన్నాడు పోలయ్య. “ఇంట్లో ఒక ఆడమనిసి కదల్లేకుండా పడుంటే, ఇంకో ఆడమనిసి బడికెల్లి దేశాల పేర్లు సెప్పుకుంటాదా?”

దేశాల పేర్లు! విజయనగరంలో ట్రైనింగయి, పద్నాలుగేళ్లుగా సోషల్ చెబుతున్న టీచరు చేసే పని ఈయన లెక్కలో దేశాల పేర్లు చెప్పుకోవడం.

“వెళ్తుంది. ఇవాళా వెళ్తుంది, రేపూ వెళ్తుంది. మీ క్వార్టరు ఉన్నా వెళ్తుంది, ఊడినా వెళ్తుంది.”

“సరే,” అన్నాడు పోలయ్య.

ఆ ‘సరే’ ఆమెకి బెదిరింపులా వినిపించింది. చివాలున లేచి ఆ కాగితాన్ని ఆయన చేతిలోంచి రెండు వేళ్లతో అందుకుని, చదవకుండానే ఉప్పుజాడీ కింద పెట్టింది. ఊళ్లో పిల్లలందరి కాగితాలూ వెలుగులో పెట్టి చదివే మనిషికి ఆ ఒక్క కాగితం చదవడం నామోషీ అయింది.

లోపలిగది గుమ్మంలో కూర్చుని అమ్మణ్ణి జడ అల్లుకుంటోంది. పదమూడేళ్ల పిల్ల, ఎనిమిదో తరగతి. తల్లి చెప్పే తరగతే.

“తాతా, మామ్మకి నొప్పి తగ్గిందా?” అంది.

“తగ్గిందే గుంటా. నువ్వెప్పుడొత్తావని అడుగుతాంది. నీ సేత్తో నూనె రాత్తేనే బాగుంటాదట.”

“జడ చూసుకో. బడికి ఆలస్యమవుతుంది,” అని కసిరింది రత్నం.

ఆదివారం బాగ్‌బేరా వెళ్లొచ్చినప్పటినుంచీ ఆ పిల్ల ధోరణి ఇలాగే ఉంది. ఆ సాయంత్రం తను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే వచ్చి, ఏదో కాగితం, ఏదో పేరు అని గొణిగింది. పేపర్ల మీంచి తలెత్తకుండానే రత్నం విసుక్కుంది. ఏమని విసుక్కుందో ఇప్పుడు గుర్తయినా లేదు.

“సాయంత్రం ఐదింటికొత్తాను. సంతకం అయిపోవాల,” అని పోలయ్య బూట్లు తొడుక్కున్నాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి రత్నం మొగుడివైపు తిరిగింది.

“విన్నారా? ఒక కోటరు, ఒక కుంపటి. మహారాజుగారి శాసనం.”

వరహాలు చల్దన్నం ముందు కూర్చున్నాడు. ఉల్లిపాయ కొరికాడు.

“నేను వంటింట్లో మీ నాన్నగారి మొలతాడుకి వేలాడే బియ్యప్పెట్టె తాళంచెవి కోసం కనిపెట్టుకుని ఉండాలి. మీరు మాత్రం లోకోషెడ్డు నుంచి వచ్చి కాళ్లు చాపుకుంటారు. అంతేనా?”

వరహాలు మజ్జిగ పోసుకున్నాడు.

“మీతో మాట్లాడటం కంటే ఆ గోడతో మాట్లాడటం నయం. గోడ కనీసం అన్నం నమలదు. వినండి. మీరు సంతకం పెడితే పెట్టుకోండి. నేను మాత్రం రాను. ఇదే ఆఖరి మాట.”

వరహాలు కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి కూతురివైపు చూశాడు. కూతురు తండ్రివైపు చూసింది. వాళ్లిద్దరూ అలా చూసుకోవడం రత్నానికి కనపడింది గానీ, నోరులేని మొగుడూ నోరు మెదపని కూతురూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటే ఊడిపడేదేముందిలే అనుకుంది.

ఆ రోజు ఎనిమిదో తరగతికి ఐరోపా పాఠం.

పాఠం మొదలెట్టకముందే హెడ్మాస్టరు సీతారాంగారు వరండాలో అడ్డుపడ్డాడు. సీతారాంగారికి ఉన్నవి రెండే భయాలు: ఒకటి ఇన్స్‌పెక్టరు, రెండోది పుస్తకంలో లేని మాట.

“రత్నంగారూ, ఐరోపా ఆర్థిక సమాజంలో పన్నెండు దేశాలని చెబుతున్నారట. పుస్తకంలో ఆరే ఉన్నాయి.”

“ఆ పుస్తకం ఆంధ్రాలో అచ్చయి ఇరవై ఏళ్లయింది, సార్. అక్కడ పారేసినవి ఇక్కడికి వచ్చాయి. ఈ జనవరి ఒకటిన స్పెయినూ పోర్చుగలూ చేరి పన్నెండయ్యాయి. పేపర్లో పడింది.”

“పడొచ్చునమ్మా. కానీ పుస్తకంలో ఆరుంటే ఆరే చెప్పడం క్షేమం.”

“మన పుస్తకం ముసలిదైపోయిందని ఐరోపా ఆగుతుందా, సార్?”

సీతారాంగారు కండువా సర్దుకుని వెళ్లిపోయాడు. ఇంటా ఇంతే, బడిలోనూ ఇంతే. ఎటు తిరిగినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే నడిచే మనుషులు అనుకుంటూ రత్నం తరగతిలోకి వెళ్లింది.

పదకొండుమంది పిల్లలు. రత్నం మధ్యలో రెండు బల్లలు కలిపించి, ఆరుగురిని వాటిమీద కూర్చోబెట్టింది. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, ఇంకా మూడు చిన్న దేశాలు. మిగిలినవాళ్లని గుమ్మం దగ్గర నిలబెట్టింది.

“వీళ్లారుగురూ ముందు ఒక కట్టుగా ఏర్పడ్డారు. బొగ్గూ ఉక్కుతో మొదలెట్టారు. బొగ్గూ ఉక్కూ అంటే మీకు తెలియనివి కావుగా, పొద్దున లేస్తే మీ ముక్కుల్లోకి వచ్చేవే. తర్వాత సరుకులన్నిటికీ ఒకటే మార్కెట్టు. ఒకళ్ల సరుకు మీద ఒకళ్లు సుంకం వేసుకోరు. పెద్ద నిర్ణయాలు అందరూ కలిసి తీసుకోవాలి. ఒరే ఆదిబాబూ, నువ్వు బ్రిటన్‌వి. నిన్నూ రమ్మన్నారు. నువ్వేం చేశావు?”

ఆదిబాబు గుమ్మం దగ్గర బుర్ర గోక్కున్నాడు.

“వెళ్లిపోయాను, టీచర్.”

“వెళ్లలేదు. ముక్కు చీదావు. ఆ గుంపులో నేను కలవడమేమిటి, నాకేం ఖర్మ అన్నావు. కొన్నేళ్లయ్యాక వాళ్లు బాగుపడుతుంటే చూసి, నేనూ వస్తానన్నావు. అయితే కొత్తవాళ్లు రావాలంటే లోపలున్న ప్రతివాళ్లూ ఒప్పుకోవాలి. చిలకమ్మా, నువ్వు ఫ్రాన్స్‌వి. వీణ్ణి రానిస్తావా?”

చిలకమ్మకి ఆదిబాబు మీద పాతకక్ష ఏదో ఉంది.

“రానివ్వను, టీచర్!”

“అంతే. రెండుసార్లు అడిగింది బ్రిటన్. రెండుసార్లూ ఫ్రాన్స్ వద్దంది.”

“నేను ఎంతసేపిలా నిలబడాలి, టీచర్?” అన్నాడు ఆదిబాబు.

“చిలకమ్మ ఒప్పుకునేదాకా.”

పిల్లలు విరగబడి నవ్వారు. తరగతి ఒక్కటే రత్నం మాట చెల్లే చోటు.

“ఇప్పుడు అసలు సంగతి వినండి. నార్వే,” అంది, సుద్దముక్కతో పటంమీద కొడుతూ. “నార్వే పెద్దలు వెళ్లి చేరతామని సంతకాలు కూడా పెట్టొచ్చారు. తీరా ఇంటికొచ్చి జనాన్ని అడిగితే, జనం మేం రామన్నారు. అంతే! పెద్దలు పెట్టిన సంతకాలు చిత్తుకాగితాలైపోయాయి. ఎవరో సంతకం పెట్టినంత మాత్రాన మనం వెళ్లి కలవాలని ఎక్కడా లేదు. వద్దు అన్న ఒక్క మాటకి అంత బలముంది. రాసుకోండి.”

పిల్లలు రాసుకున్నారు. రత్నం ఆ వాక్యాలు రెండోసారి కూడా చెప్పించింది. సాయంత్రం ఐదింటికి ఇంట్లో అనవలసిన మాటలు ఆమెకి అప్పుడే వరుసగా కుదిరాయి.

గుమ్మం పక్కన, అందరికంటే వెనక, అమ్మణ్ణి నిలబడి ఉంది. బడిలో అమ్మా అని పిలవకూడదని, మీరనాలని, టీచరనాలని తల్లి మొదటిరోజే పెట్టిన నియమం. ఆ పిల్ల దాన్ని ఒక్కరోజూ తప్పలేదు.

“టీచర్, నేనెవరిని?”

“నువ్వా? నీ పక్కనున్నది డెన్మార్క్. నువ్వు గ్రీన్‌లాండ్‌వి.”

“గ్రీన్‌లాండ్ కూడా చేరిందా?”

“డెన్మార్క్ చేరింది. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ కిందిది గనక దాంతోపాటు వెళ్లింది.”

“గ్రీన్‌లాండ్‌ని ఎవరడిగారు, టీచర్?”

“అడిగారు. వాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు. డెన్మార్క్ మొత్తమ్మీద అవుననేసరికి వీళ్లనీ లాక్కెళ్లారు. పటంలో చూడ్డానికే అంత పెద్దది. ఉన్నదంతా మంచు, గుప్పెడు జనం. తోక లాంటిది. శరీరం ఎటు వెళితే తోక అటు వెళుతుంది గానీ, తోకని ఎవరడుగుతారు?”

తరగతి మళ్లీ నవ్వింది. ఆదిబాబు అమ్మణ్ణివైపు చూసి, వెనక చెయ్యి పెట్టి తోక ఊపినట్టు చూపించాడు. రత్నం చూసింది. ఏమీ అనలేదు. నవ్వు వచ్చే పాఠం పిల్లలకి గుర్తుంటుందని ఆమె నమ్మకం.

అమ్మణ్ణి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఊరుకోలేదు.

“ఇప్పటికీ అందులోనే ఉందా, టీచర్?”

“లేదు. వాళ్ల పరిపాలన కొంత వాళ్ల చేతికి వచ్చాక మళ్లీ ఓటు పెట్టుకున్నారు. పోయినేడాది బయటికి వెళ్లిపోయారు.”

“ఎందుకు?”

“చేపల కోసం,” అంది రత్నం చులకనగా. “వాళ్ల సముద్రంలో చేపలు వాళ్లే పట్టుకోవాలట. అంత పెద్ద సమాజాన్ని చేపల కోసం వదులుకున్నారు. సరే, గంట కొట్టారు. బల్లలు సర్దండి.”

సాయంత్రం సీతారాంగారు మీటింగని కూర్చోబెట్టి, ఆరు దేశాలా పన్నెండా అన్న విషయం మీద గంటసేపు నమిలాడు. రత్నం ఇల్లు చేరేసరికి సందులో ఇంటింటి ముందూ బొగ్గుల కుంపట్లు రాజుకుని పొగ కమ్ముతోంది. దారిపొడుగునా ఆమె తన మాటలు తిరగేసుకుంటూనే వచ్చింది. గొంతు పెంచకూడదు. తరగతిలో చెప్పినట్టు చెప్పాలి. ఆ ముసలాయనకి అర్థం కాకపోయినా సరే.

పోలయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో స్టీలు గ్లాసుతో టీ. ఆ టీ ఎవరిచ్చారో అడగక్కర్లేదు; అమ్మణ్ణి కుంపటి దగ్గర గిన్నె దించుతోంది. వరహాలు చాపమీద ఉన్నాడు. ఉప్పుజాడీ కింద ఉండవలసిన కాగితం స్టూలుమీద ఉంది. కింద కుడివైపు వరహాలు సంతకం, వంకర వంకరగా, ఇంకా తడిగా.

“పెట్టేశారన్నమాట,” అంది రత్నం.

వరహాలు తల ఊపాడు.

తెగించి పెట్టాడని కూడా అనుకోలేదామె. కాళ్లకింద చాపలాంటి మనిషి, ఎవరు తొక్కితే వాళ్ల అడుగు పడుతుంది అనుకుంది. సంచీ గోడకి తగిలించి, మామగారి ఎదురుగా నిలబడింది.

“మావయ్యగారూ, నేను చెప్పేది సావధానంగా వినండి. మీ అబ్బాయి సంతకం మీ అబ్బాయిది. దానికీ నాకూ సంబంధం లేదు. నేను ఈ ఇల్లు వదలను. ఉద్యోగం మానను. మీ కోటర్లో, మీ కుంపటి దగ్గరికి నేను రాను. నార్వే అని ఒక దేశముంది. దాని పెద్దలు కూడా ఇలాగే సంతకాలు పెట్టి...”

“ఆ ఊరు నాకు తెల్దమ్మా,” అన్నాడు పోలయ్య, గ్లాసు కింద పెట్టి. “గానీ నిన్ను రమ్మన్నదెవులు?”

రత్నం నార్వేని అక్కడే వదిలేసింది.

“ఏమిటీ?”

“నిన్ను రమ్మన్నదెవులు అంతన్నాను. పొద్దున్న కాగితం నీ సేతికే ఇచ్చినాను గదా. సదువుకున్నదానివి. సదవనేదా?”

రత్నం స్టూలుమీది కాగితం తీసుకుంది. ఈసారి రెండు వేళ్లతో కాదు. ఇంగ్లీషులో టైపు కొట్టిన ఫారం. పైన పోలయ్య పేరు, టోకెన్ నంబరు, బాగ్‌బేరా క్వార్టరు నంబరు. దాని కింద, ఆ క్వార్టర్లో కలిసి ఉండబోయేవాళ్ల పేర్లు రాయడానికి మూడు గీతలు.

మొదటి గీత మీద వరహాలు, కొడుకు.

రెండో గీత మీద అమ్మణ్ణి, మనవరాలు.

మూడో గీత ఖాళీ.

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి చదివింది. పొద్దుటినుంచీ వద్దు అనడానికి ఇంత సరంజామా చేసుకుంటే, వద్దనడానికి ఆమెని ఎవరూ పిలవనే లేదు.

“మరి పొద్దున్న ఉద్యోగం మానమన్నారు!”

“మానమననేదు. మీయత్త పడుంటే బడికెల్తావా అని అడిగినాను. ఎల్తానన్నావు. సరే అన్నాను. అందులో ఏటి తప్పు?” పోలయ్య గొంతులో కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ మండింది. “పోయినేడు పలాసలో పెళ్లికెల్లినప్పుడు వరహాలు రైల్వే పాసులో నీ పేరుంది. అందరం ఒక పెట్టెలో ఎక్కితే, రైలోల్ల పాసు నాకేటి అని నువ్వు టికెట్టు కొనుక్కుని ఏరే పెట్టెలో కూకున్నావు. పాసులో పేరు నేనివోల్లని పెట్టెలోంచి దింపేత్తారమ్మా. పేరుండి దిగిపోయిన మనిసిని నా నౌకరీలో నిన్నొక్కదాన్నే సూసినాను. మల్లీ ఎందుకు రాయాల?”

రత్నం చూపు ఇంకా ఆ రెండు పేర్ల మీదే ఉంది. ఇందాకటినుంచీ ఆ అక్షరాల్లో ఏదో ఆమెని గుచ్చుతూనే ఉంది. పోలయ్యకి ఇంగ్లీషు రాదు. వరహాలు రాస్తే కోడిగీతలు. ఇవి నిలువుగా, సమానంగా, గీత దాటకుండా ఉన్నాయి. రోజుకి పన్నెండు వరసలు కాపీ రాయించి, గీత దాటిన ప్రతి అక్షరానికీ వేళ్లమీద స్కేలుతో కొట్టి తను నేర్పిన దస్తూరీ.

“ఎవరు రాశారిది?”

వీధిలో ఎవరో కుంపటి విసురుతున్న చప్పుడు వినిపించింది.

“నేనే,” అంది అమ్మణ్ణి.

“తాత నా పేరు రాయొద్దన్నాడా?”

“లేదు. మీయమ్మనడిగి రాయి అన్నాడు. అడిగాను కదా.”

“ఎప్పుడడిగావే?”

“ఆదివారం. మీరు పేపర్లు దిద్దుతున్నారు. తాత కాగితంలో మీ పేరు రాయనా అని అడిగాను. ‘ఆ మురికి కాగితంలో నా పేరు రాస్తే చెయ్యి విరుస్తాను’ అన్నారు.”

రత్నానికి అప్పుడు గుర్తొచ్చింది. అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఎర్రసిరా, ముప్పై మూడో పేపరు, పక్కన ఏదో నీడ. ఆ నీడవైపు తను తల తిప్పనైనా లేదు.

“అంటే నువ్వు వెళ్తావన్నమాట,” అంది. నెమ్మదిగా అనాలనుకుంది గానీ నోరు దాని అలవాటు మానలేదు. “తాత ఈల వేస్తే తోక ఊపుకుంటూ.”

అమ్మణ్ణి గిన్నె కింద పెట్టింది. ఆ పిల్లకి కోపం వస్తే ముందు హిందీయే వస్తుంది.

“ముఝ్‌సే కిసీనే పూఛా?” అంది. “ఎవరైనా నన్నడిగారా? బర్మామైన్స్‌లో ఉంటావా, బాగ్‌బేరాలో ఉంటావా అని? తాత అడిగాడు. నాన్న అడిగాడు. మీరడగలేదు.”

మీరు! ఇందాకటినుంచీ ఆ పిల్ల ఆ మాటే అంటోంది. రత్నం చెవికి ఇప్పుడు అందింది. ఈ గడపలోపల తన కూతురు తనని ఎన్నడూ మీరనలేదు.

“ఇంట్లో మీరేమిటే? నేను మీ అమ్మని!” తను కడిగేసుకున్నాననుకున్న యాస ఒక్కసారిగా నాలికమీదికి ఎక్కింది. “ఏటయిందే నీకు? ఏటుందే అక్కడ నీకు?”

“గ్రీన్‌లాండ్ చేపల కోసం వెళ్లిందన్నారు కదా, టీచర్,” అంది అమ్మణ్ణి. “అక్కడ నాకు మామ్మ ఉంది.”

ఈసారి నవ్వడానికి తరగతి లేదు. ఆదిబాబు లేడు. పోలయ్య తల దించుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

అమ్మణ్ణి లోపలికి వెళ్లి పుస్తకాల సంచీ, రెండు జతల బట్టలు తెచ్చుకుంది. అవి పొద్దుటినుంచే మడతపెట్టి ఉన్నట్టున్నాయి.

“మామ్మ ఒక్కర్తీ ఉంది, తాతా. పద.”

“కాగితం రేపు పదింటికి ఆఫీసులో ఇయ్యాల, వరహాలూ,” అని పోలయ్య లేచాడు. గడప దగ్గర బూట్లు తొడుక్కున్నాడు.

ఆ పిల్ల గడప దిగి వెనక్కి చూసింది.

“రేపు బడికి వస్తాను, టీచర్. పన్నెండు దేశాలూ రాసి తెస్తాను.”

ఇద్దరూ పొగలోకి వెళ్లిపోయారు. ఏడిస్తే పిల్ల ఆగుతుందేమో. రత్నానికి ఏడుపు రాలేదు. ఎవరిమీదో ఒకరిమీద విరుచుకుపడదామంటే, ఇంట్లో మిగిలినవాడు చాపమీది మనిషి ఒక్కడే. వాడిమీద పడి ప్రయోజనమేముంది!

ఆమె సంచీలోంచి కలం తీసింది. అది ఎర్రకలం. విదిలించి పారేసి, మొగుడి జేబులోంచి నీలం కలం లాక్కుంది. స్టూలు ముందు కూలబడి కాగితం దగ్గరికి లాక్కుంది. ఒక కుంపటా, బడి మానడమా, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ మూడో గీత మీద తన పేరు పడాలి.

కలం కాగితాన్ని తాకకముందే వరహాలు అరచెయ్యి వచ్చి ఆ గీతని కప్పేసింది.

రత్నం తలెత్తింది. పదిహేనేళ్లలో ఆయన చెయ్యి ఆమె చేతికి అడ్డం రావడం ఇదే మొదలు.

“తియ్యండి,” అంది.

వరహాలు తియ్యలేదు.

“ఇది అమ్మణ్ణి రాసిన కాగితం,” అన్నాడు. “ముందు దాన్నడుగు. నిన్ను రానిత్తాదో, నేదో.”